గడపయు లోహమూర్తియు

మన యిండ్లలో గడపకు జరుగు మర్యాద మఱి యే కొయ్యకును జరుగదు. దూలము కొయ్యయే, తలుపు కొయ్యయే, మంచము కొయ్యయే. కాని శుక్రవారమునాడు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, ముగ్గు తీర్చుట గడపకు మాత్రమే. సందెవేళ దానిపై కూర్చుండరాదందురు. గడపకు ఆవల నొకరును ఈవల నొకరును నిలిచి వస్తువులు ఇచ్చిపుచ్చుకొనరాదందురు. క్రొత్తకోడలు కుడికాలు మోపి దానిని దాటిననాడు గాని ఆ యింటిది కాదు. ఈ యాచారములలో కొన్ని మూఢములు కావచ్చును. కాని వాని వెనుక నొక నిజమున్నది. గడప ఇంటిలోనిదా, వీధిలోనిదా అని యడిగినచో ఎవరును తేల్చి చెప్పలేరు. ఇంటిలోపల గాని వెలుపల గాని చావు లేకుండ హిరణ్యకశిపుడు వరము పొందగా, నరసింహుడు వానిని గడపమీదనే సంహరించెనని పురాణము. పగలును రాత్రియు కాని సందెవేళ, మనుష్యుడును మృగమును కాని రూపముతో, లోపలయు వెలుపలయు కాని చోట ఆ పని జరిగెను. పాత కట్టుబాటు తెగి క్రొత్తది మొదలగు చోటు గడపయే యని మన పూర్వులు ఆ కథచే తెలిపిరి.

నేటి లోహశిల్పులు లోకమంతటను ఈ గడపను గూర్చియే విశేషముగా ఆలోచించుచున్నారు. ద్వారబంధములు, సగము తెఱచిన తలుపులు, సగము యంత్రమును సగము జంతువును అగు ఆకృతులు, ఒక రూపమునుండి వేఱొక రూపమునకు మాఱుచు నడుమ నిలిచిన దేహములు వారికి ప్రియమైన విషయములు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమున 1965లో పూర్తియైన 630 అడుగుల ఉక్కు తోరణము ఆ దేశపు పడమటి దిక్కునకు ద్వారమను భావముతో కట్టబడినది. ఇట్టివానిని చూచి, ఇది పాశ్చాత్యుల క్రొత్త యూహ యనియు, మనవారు దానిని అనుకరించుచున్నారనియు కొందఱనుకొందురు. అది సరికాదు. కృష్ణాడెల్టాలో లోహమునకును గడపకును గల సంబంధము వేయేండ్లకు మించినది. ఆ సంబంధమును కాలక్రమమున చెప్పుటయు, దానిలో దాగియున్న యొక ప్రశ్నను చదువరుల యెదుట నుంచుటయు మా యుద్దేశము. ఆ ప్రశ్న యిది: లోహమూర్తి గడప దాటినప్పుడెల్ల దానితోబాటు మనుష్యుడును దాటెనా?

మొదట ఱాతితో నారంభింపవలసియున్నది. ఱాయి ఏమి చేయలేదో చూచిన పిమ్మటనే లోహము చేసిన పని తెలియును. విజయవాడకు ఎగువన కృష్ణ కుడియొడ్డున నున్న అమరావతి స్తూపమునకు నాలుగు దిక్కులను నాలుగు ద్వారములుండెడివి. ప్రతి ద్వారమునకెదురుగా స్తూపపీఠమునుండి ముందునకు వచ్చిన యొక వేదికయు, దానిపై వరుసగా ఐదు స్తంభములును ఉండెడివి. వీనిని ఆయకస్తంభములందురు. బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ప్రథమోపదేశము, పరినిర్వాణము అను నైదింటికిని అవి గుఱుతులని పండితులు చెప్పుదురు. ఈ యైదును ఒక స్థితినుండి వేఱొక స్థితికి దాటిన ఘట్టములే. ద్వారము దాటి లోనికి వచ్చిన యాత్రికునకు మొదట కనబడునది, దాటుటయే జీవితమని చెప్పెడి ఐదు ఱాతికంబములన్నమాట.

అచ్చటి పలకలపై మహాభినిష్క్రమణము పలుమాఱులు చెక్కబడినది. రాకుమారుడు నడిరేయి నిల్లు విడిచిపోవుచుండగా, డెక్కల చప్పుడునకు ఊరు మేల్కొనకుండ యక్షులు గుఱ్ఱపు కాళ్ళను అఱచేతులపై మోసిరని కథ. తొలినాటి శిల్పములలో గుఱ్ఱముపై రాకుమారుడు కనబడడు. రౌతులేని గుఱ్ఱమునకు గొడుగు పట్టబడి యుండును. దాటినవానిని చూపక దాటుటను మాత్రమే చూపుట ఆనాటి శిల్పుల పద్ధతి. ఇంతటి గొప్ప ప్రయాణమును చెప్పిన ఆ ఱాయి తాను మాత్రము కదలలేదు. అది కదలినది విఱిగిన తరువాతనే. 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణమును కట్టించు సందర్భమున దిబ్బను త్రవ్వించగా ఈ ఱాళ్ళు బయటపడెను. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. పిమ్మట 19వ శతాబ్దిలో శిల్పములు మదరాసునకును లండనునకును తరలిపోయెను. స్తూపము స్తూపముగా ఎచ్చటికిని పోలేదు. ముక్కలు మాత్రమే పోయెను.

కంచు కథ వేఱు. గుంటూరు మండలములోని బుద్ధపాదను గ్రామమున 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కంచు బుద్ధమూర్తులు దొరకెను; వానిలో కొన్ని నేడు బ్రిటిష్ మ్యూజియమున ఉన్నవి. అమరావతియందును ఇట్టి కంచుమూర్తులు లభించినవి. కుడిభుజము ఆచ్ఛాదన లేక యుండుట, సన్నని మడతలతో చీవరము క్రిందికి జారుట, అంచున అది దళసరియగు మడతగా తిరుగుట వీని లక్షణములు. ఈ లక్షణములే గల కంచుబుద్ధులు సముద్రమున కావల దొరకినవి. వియత్నాము నడిమిభాగమున దోంగ్ దువాంగ్ అను చోట 1911లో నొకటియు, ఇండోనీషియాలోని సులవేసి ద్వీపమున 1921లో నొకటియు బయటపడెను. అవి ఆంధ్రదేశమున పోతపోసినవా, సింహళమున పోసినవా యని పండితులలో వాదము కలదు. ఎచ్చట పోసినను వాని రూపము కృష్ణాతీరపు శైలికి చుట్టమనుటలో వివాదము లేదు. ఘంటసాల, మచిలీపట్టణ ప్రాంతముల రేవులు ప్రాచీన యవన భూగోళకారులకును తెలిసినవి. పెట్టెలో పట్టునట్టి, ఇద్దఱు మోయగలిగినట్టి కంచుమూర్తులు ఓడయెక్కి ఇట్లు రేవులు దాటి పోయెను. భూమికి సముద్రతీరము గడప యనుకొన్నచో, ఆ గడపను మొదట దాటిన మన శిల్పము లోహశిల్పమే.

బౌద్ధము క్షీణించి ఆలయములు వెలసిన తరువాత ఈ భేదమే శాస్త్రమాయెను. ఆగమములు మూర్తులను అచలములనియు చలములనియు విభజించెను. గర్భగృహమున నాటబడిన మూలవిరాట్టు అచలము. అది సాధారణముగా శిలామయము. ఉత్సవమూర్తి చలము. అది పంచలోహమయము. ఉత్సవమూర్తుల పీఠములను శ్రద్ధగా చూచినచో ప్రక్కల కన్నములో, కడియములో కనబడును. అవి వాహనమునకు బిగించుటకును, కఱ్ఱలు దూర్చి మోయుటకును ఏర్పడినవి. శిల్పి మూర్తిని పోయునప్పుడే అది గడప దాటవలసినదని యెఱిగి పోసెనన్నమాట. విజయవాడ ఇంద్రకీలాద్రిపై నీ భేదము నేటికిని కన్నులకు కట్టును. మూలమూర్తియగు కనకదుర్గ కొండ దిగదు. విజయదశమినాటి సాయంకాలము దుర్గామల్లేశ్వరుల ఉత్సవమూర్తులు కొండ దిగి, కృష్ణలో హంసవాహనముపై తెప్పోత్సవమున విహరించును. ఒడ్డున నిలిచిన వేలకొలది జనులు కొండ యెక్కకుండగనే అమ్మవారిని చూతురు.

లోహమునకు గల ఈ స్వభావము మంగళగిరియం దింకొక విధముగా కనబడుచున్నది. కొండపైనున్న పానకాల నరసింహస్వామికి దేహము లేదు. తెఱచిన నోరే మూర్తి. ఆ నోటిచుట్టును లోహపు ముఖము తొడుగబడినది. లోపలిది కొండ, వెలుపలిది లోహము. భక్తుడు తెచ్చిన పానకము పోయబడుటయు, శేషము మరల నతనికి వచ్చుటయు ఆ లోహపు ముఖముకడనే జరుగును. గడపపై వెలసిన దేవుని మూర్తియందు లోహమే గడపయైనది. కొండక్రింది దేవాలయమునకు అమరావతి దిబ్బను త్రవ్వించిన వేంకటాద్రి నాయుడుగారే 1807 మొదలు 1809 వఱకు 11 అంతస్తుల గాలిగోపురమును కట్టించిరి. దాని యెత్తు 153 అడుగులు. అంత యెత్తుగల ద్వారము కట్టిన కాలమున, దానిక్రిందుగా నడచి లోనికి పోవు హక్కు ఊరివారందఱకును లేకుండెను.

ఇచ్చటనే మా ప్రశ్న మొదలగుచున్నది. ఉత్సవమూర్తి వీధిలోనికి వచ్చుట దయాకార్యమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ముసలివారు, రోగులు, గుడికి రాలేనివారు ఇంటిముంగిటనే దేవుని చూతురు. ఇది నిజమే. కాని గుడికి రాలేనివారితోబాటు గుడికి రానీయబడనివారును ఉండిరి. వారికి ఈ యుత్సవము చెప్పిన మాట యేమి? “దేవుడే వెలుపలికి వచ్చినాడు గావున నీవు లోపలికి రానక్కఱలేదు” అని కాదా? చాలచోట్ల ఉత్సవము దళితుల వాడకు పోదు. పల్లకి తిరుగు వీధులును ఏర్పఱుపబడియుండును. లోహమూర్తి గడప దాటెను. కాని మూసియున్న తలుపును తెఱచుటకు బదులు, అది మూసియుండుటకే సాకు చూపెను.

ఈ సంగతిని మన సారస్వతము ఎఱుగకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రాకాలమున విజయవాడలో కొన్నినాళ్ళు విడిసి, పిదప కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమునకు పోయి ఆంధ్రవిష్ణువును సేవించెను. అచ్చట కలలో స్వామి తెలుగున కావ్యము చెప్పుమని యానతిచ్చినట్లు ఆముక్తమాల్యద పీఠికలో కలదు. డెల్టాలో నిట్లు పుట్టిన యా కావ్యమున మాలదాసరి కథ యొకటి యున్నది. మాలదాసరి పరమభక్తుడు, కాని అతడు కురుంగుడి దేవుని వెలుపలనుండియే పాడి సేవించి మరలవలసినవాడు. త్రోవలో బ్రహ్మరాక్షసుడు పట్టుకొనగా, దేవుని సేవించి తిరిగివత్తునని మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనెను. తుదకు బ్రాహ్మణ జన్మమునుండి భ్రష్టుడైన రాక్షసునకు విముక్తి కలిగించినది వెలుపల నిలిచినవాని పాటయొక్క ఫలమే. లోపలనున్నవారికంటె వెలుపలివాడు గొప్పవాడని కవి యొప్పుకొనెను. ఐనను కథ ముగియువఱకు గుడి గడప మాత్రము అట్లే యుండెను.

ఆ రాజకవి తన లోహమూర్తిని ఎచ్చట నిలిపించుకొనెనో చూడుడు. తిరుమల దేవాలయపు మహాద్వారము దాటగనే మండపములో కృష్ణరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి అను మువ్వురి నిలువెత్తు మూర్తులు కలవు. అవి రాగిరేకును సుత్తితో కొట్టి యెత్తుపల్లములు తీర్చి చేసినవి. భుజములపై పేర్లు చెక్కబడినవి. మువ్వురును చేతులు జోడించి నిలిచియున్నారు. లోపలికి పోవువారును వెలుపలికి వచ్చువారును వారి ముందుగనే నడతురు. రాజ్యమంతయు తనదైన రాజు గర్భగృహమును కోరక ద్వారముకడ నిలుచుటను భక్తికి పరాకాష్ఠయని పెద్దలు మెచ్చుకొందురు, మేమును మెచ్చుకొందుము. కాని అదే రాజు సృష్టించిన మాలదాసరికి ఆ ద్వారముకడ నిలుచు భాగ్యమును లేదు. రాజు వినయముతో గడపకడ ఆగెను; దాసరి ఆపబడెను. ఆగుటకును ఆపబడుటకును గల భేదమును ఆ రాగిమూర్తులు చెప్పజాలవు.

యూరోపులో శిల్పులు నడిచిన త్రోవ వేఱు. వారు మూర్తిని ద్వారము దాటించుటకు బదులు ద్వారమునే శిల్పముగా చేసిరి. ఫ్లారెన్సునగరపు జ్ఞానస్నానాలయమునకు గిబెర్టి 1425 మొదలు 1452 వఱకు పాటుపడి కంచుతలుపులు తీర్చెను. జ్ఞానస్నానము పొంది మతములో చేరువా రా మందిరమునకే వత్తురు గనుక, ఆ తలుపులు నిజముగా రెండు జీవితముల నడిమి తలుపులు. తరువాత రోదే యను ఫ్రెంచిశిల్పి 1880లో నరకద్వారమను శిల్పమును మొదలిడి 1917లో చనిపోవువఱకు విడువలేదు. ఆ తలుపులు తెఱచుకొనవు. వానిపై మనుష్యులు జారుచు, పట్టుకొనుచు, పడిపోవుచు ఉందురు. తెఱచుకొనని తలుపు నేటి శిల్పులకు గురుస్థానమైనది. మనకిది పరాయి సంగతి కాదు. తెఱచుకొనని తలుపును గూర్చి మన దేశమున తెలిసినంత మఱెచ్చటను తెలియదు.

ఆ తలుపు 20వ శతాబ్దిలో కదలెను. అంబేద్కరుగారి నాయకత్వమున 1930 మార్చి 2న నాసికులో కాలారామ మందిరప్రవేశమునకు సత్యాగ్రహము మొదలాయెను. 1936 నవంబరు 12న తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన చేసెను. మదరాసు రాజధానిలో 1939లో నొక చట్టమును, 1947లో ఆలయప్రవేశపు హక్కును స్థిరపఱచిన చట్టమును వచ్చెను. కృష్ణాడెల్టా అప్పు డా రాజధానిలోనిదే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ఈ మార్పు లోహశిల్పమునందును వెంటనే కనబడెను. 1929లో మదరాసు చిత్రకళాపాఠశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన దేవీప్రసాద్ రాయ్‌చౌధురి తిరువాన్కూరు ఆలయప్రవేశమును విషయముగా గొని కంచుశిల్పము చేసెను. అంతవఱకు దేవుడు గుడి వెలుపలికి వచ్చుటకే కంచు సాధనము. ఇప్పుడు మనుష్యుడు గుడిలోనికి పోవుట కంచునకు విషయమాయెను. దిక్కు తిరిగినది. మన లోహశిల్పచరిత్రలో నింతటి మార్పు వేఱొకటి లేదని మా యభిప్రాయము.

విషయముతోబాటు పనితీరును మాఱెను. పూర్వపు పద్ధతిని 12వ శతాబ్దిలో చాళుక్యరాజు సోమేశ్వరుడు మానసోల్లాసమున వర్ణించెను. మైనముతో మూర్తిని చేసి, దానిపై మెత్తని మన్ను పొరలుపొరలుగా పూసి, ఎండనిచ్చి, కాల్తురు. మైనము కఱగి కన్నమునుండి పోవును. అది విడిచిన చోటనే కఱగిన లోహము పోయుదురు. చల్లారిన పిదప మన్ను పగులగొట్టిన మూర్తి వెలువడును. ఇందు వచ్చినది నిలుచుటకు ముందున్నది పూర్తిగా పోవలెను. కుండలో వేసిన పాత చెంబులు, విఱిగిన గంటలు, అరిగిన గాజులు కఱగిన తరువాత తమ పూర్వజన్మమును మఱచిపోవును. మూర్తిని చూచి ఇది మునుపు చెంబని ఎవరును చెప్పలేరు.

నేడు డెల్టాలో ప్రసిద్ధికెక్కిన పద్ధతి దీనికి విరుద్ధము. తెనాలిలో సూర్య శిల్పశాల నడుపుచున్న కాటూరి వెంకటేశ్వరరావుగారును, ఆయన కుమారుడు రవిచంద్రగారును పాత ఇనుపసామానుతో మూర్తులు చేయుచున్నారు. లారీలును మోటారుసైకిళ్ళును విప్పగా మిగిలిన గేరుచక్రములు, బేరింగులు, చెయిన్లు, బోల్టులు, నట్లు వారికి మన్నును మైనమును. వానిని కఱగింపరు, వెల్డింగుతో నొకదాని కొకటి అతుకుదురు. దూరమునుండి చూచినవారికి మనుష్యుని ముఖము కనబడును. దగ్గఱకు పోయిన కొలది చెక్కిలి నట్లగును, కనుబొమ్మ చెయినగును, భుజము గేరుచక్రమగును. నట్టు మూర్తియైనను నట్టుతనమును విడువలేదు. నాలుగడుగుల దూరములో చూపు ఇటునటు గడప దాటుచుండును. పాశ్చాత్యదేశముల శిల్పశాలలలో పేర్లు పెట్టి చెప్పుకొను భావము తెనాలిలో తుక్కుకుప్ప ప్రక్కన ప్రతిదినమును తయారగుచున్నది. విజయవాడ ఆటోనగరువంటి పేట లీ డెల్టాలో ఉండగా సామానునకు కొఱతయు లేదు.

ఈ రెండు పద్ధతుల భేదము శిల్పులకు మాత్రమే సంబంధించినది కాదు. సంఘసంస్కారమును గూర్చి ఆలోచించువారు దీనిని గమనింపవలెను. వెలుపలివానిని లోనికి రానిచ్చుటకు సిద్ధపడిన పెద్దమనుష్యులు ఎందఱో, అతడు తన మాటతీరును, తిండిని, పేరును గడపకు వెలుపల విడిచి రావలెనని కోరుదురు. కఱగి రమ్మందురు, కఱగినవానికే తమ యచ్చులో చోటు. తెనాలి శిల్పము వేఱు బుద్ధి చెప్పుచున్నది. ఉన్నవాడు ఉన్నట్లుగనే వచ్చి, తన గుఱుతుతోనే మూర్తిలో భాగము కావచ్చును. మూర్తి అందమున కేమియు లోపము రాదు.

విజయవాడలో స్వరాజ్యమైదానమున నిలిచిన అంబేద్కరు విగ్రహమును ఈ చరిత్రయంతటి వెలుగున చూడవలెను. పి.డబ్ల్యు.డి. మైదానమని పిలువబడుచు వచ్చిన ఆ స్థలము బహిరంగసభలకును, పుస్తకప్రదర్శనలకును పేరుపడినది. అచ్చట 81 అడుగుల పీఠముపై 125 అడుగుల విగ్రహము, మొత్తము 206 అడుగుల యెత్తున 2024 జనవరి 19న ఆవిష్కరింపబడెను. ఉక్కు చట్రముపై కంచు తొడిగిన యీ మూర్తి మంగళగిరి గాలిగోపురముకంటె ఎత్తైనది. కాలారామ మందిరద్వారముకడ ఆపబడిన ఉద్యమమునకు నాయకుడైనవాడు గోపురమును మించి నిలిచెను. అతడు 1956 అక్టోబరు 14న నాగపురములో బౌద్ధమును స్వీకరించెను. తెఱువని తలుపుకడ నిలిచియుండుట మాని, తానే యిల్లు విడిచిపోయెను. అమరావతి ఱాళ్ళపై రౌతు కనబడని గుఱ్ఱమును చూచినవారికి ఈ నిష్క్రమణము క్రొత్తగా తోచదు. ఆ ఱాళ్ళు చెక్కిన నేలకు ఇరువదిమైళ్ళ చుట్టుపట్లలోనే ఈ కంచు నిలుచుట యుచితమే.

ఐనను మన సంతోషము తొందరపాటు కాకూడదు. ఈ డెల్టా గ్రామములలో అంబేద్కరు విగ్రహములు వందలకొలది కలవు. సిమెంటుతో చేసి రంగు వేసినవే వానిలో ఎక్కువ. అవి తఱచుగా ఊరికిని దళితవాడకును నడుమ, వాడ మొగదల నిలిచియుండును. అనగా ఊరికొక గడప ఇంకను ఉన్నదని ఆ విగ్రహములే చూపుచున్నవి. చాలచోట్ల వానికి చుట్టును ఇనుపచువ్వల పంజరము కట్టిరి. రాత్రివేళ ఎవరైన చెఱుతురేమో యను భయము. తెనాలికి సమీపమున నున్న చుండూరులో, సినిమాహాలులో కాలు తగిలెనను చిన్న తగవు పెరిగిపెరిగి, 1991 ఆగస్టు 6న 8 మంది దళితులు చంపబడిరి. అచ్చటి రక్తక్షేత్రము నేటికిని దానికి సాక్షి. టిక్కెట్టు కొన్న ప్రతివాడును సినిమాహాలు గడప దాటవచ్చునని మనము తలచినకాలముననే అది జరిగెను. లోహము శిల్పియొద్ద విగ్రహమగును; భయపడినచోట పంజరమగును. ఈ రెండును ప్రక్కప్రక్కనే యుండుట మన కాలపు స్థితి.

కావున పాత ప్రశ్న తిరిగి వచ్చుచున్నది. ఉత్సవమూర్తిని వెలుపలికి పంపి తలుపు మూసికొన్నట్లు, కంచువిగ్రహమును మైదానమున నిలిపి మనము తలుపు మూసికొనుచున్నామా? ఏప్రిలు 14న పూలదండ వేసి, మిగిలిన దినములు మఱచుట పండుగనాడు పల్లకి మోసి మఱునాడు మఱచుటకంటె వేఱుకాదు. గుడి గడపను చట్టము తెఱచెను. బడి గడపను చట్టము తెఱచెను. చట్టము చేరలేని గడప యొకటి మిగిలియున్నది. అది మన యింటిది.

ఈ మాట స్త్రీల విషయమున మనకు తెలిసినదే. గడపకు పసుపు పూయు ఇల్లాలినే “గడప దాటనిది” యని మెచ్చుకొన్న కాలము మన తాతలది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, గుళ్ళకంటె ముందుగా ఇండ్ల తలుపులే మూసికొనెను. వచ్చిన విందుకు కూర్చుండువారే కఱవైరి. శాస్త్రవాదములలో గెలుచుటకంటె ఒక్కొక్క యింటి గడపను తెఱపించుటయే ఆయనకు కష్టమైనది.

చదువరులు తమ యింటినే చూచుకొందురు గాక. ఇంటిపనికి వచ్చు మనిషి ఏ తలుపునుండి వచ్చుచున్నది? ఆమెకు మంచినీళ్ళు ఏ గ్లాసులో నిచ్చుచున్నాము? ఆ గ్లాసు మిగిలినవానితో కలిసి యున్నదా, పెరటిగోడపై బోర్లింపబడి యున్నదా? పాకీపని చేయువారు, చెత్త తీసికొనిపోవువారు దాహమడిగినచో లోనికి రమ్మనుచున్నామా, గడపకడకు తెచ్చి పోయుచున్నామా? గ్లాసును లోహమే. ఉత్సవమూర్తిని పోసిన లోహమునకు చుట్టమే. అది గడప దాటి వెలుపలికి పోయి, మనిషి మాత్రము వెలుపలనే నిలిచినచో, మూర్తిని గూర్చి మేము చెప్పిన చరిత్ర మన వంటింటిలో నేటికిని జరుగుచున్నదన్నమాట.

206 అడుగుల విగ్రహమును ప్రభుత్వము కట్టగలదు. రెండంగుళముల గడపను తగ్గించుట మన పని. స్వరాజ్యమైదానమునకు పిల్లలను తీసికొనిపోయి చూపువారు, ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట పెరటిగోడపై బోర్లించిన యా గ్లాసును లోనికి తెచ్చి మిగిలిన గ్లాసులలో కలుపుదురు గాక. పిల్లలు దానిని చూతురు. విగ్రహ మెందుకు కట్టిరో వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.